మావాడి పొదుపు

మావాడు టీ మానేశానని చెప్పిన రోజు నాకు నవ్వు ఆగలేదు. మంచం మీద కూర్చుని, నేనిచ్చిన గ్లాసు పక్కకు నెట్టి, సన్యాసం పుచ్చుకున్నవాడిలా మొహం పెట్టాడు.

"ఖర్చులు తగ్గించుకుంటాండా మా," అన్నాడు.

ఇంట్లో తాగే టీకి వాడు పైసా పెట్టేది లేదు. ఆ మాత్రం కూడా తట్టలేదు. గుమ్మం బయట వాడు విప్పిన బూట్లు ఉన్నాయి. మా వీధిలో అంత తెల్లటి వస్తువు ఇంకొకటి లేదు. వాటి ధర అడిగి తెలుసుకున్నాను. ఒక పట్టుచీర నేసి ఇస్తే మా ఇంటికి వచ్చే కూలి ఎంతో, ఆ బూట్లు అంత. బూట్లు కొన్నవాడు టీ మానేశాడు.

మాది ధర్మవరం. ఇంట్లో ఒకే ఒక గుంత మగ్గం. మా ఆయన నేస్తాడు, నేను కండెలు చుడతాను, తెగిన పోగులు అతుకుతాను. మాకు ఒక్కడే కొడుకు. డిప్లొమా చదివి ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేరాడు. పెనుకొండలో స్నేహితులతో కలిసి గది తీసుకున్నాడు. వాడి చదువు అయిపోయిన తర్వాత నేను సంఘం ఆడవాళ్ళతో కూర్చుని అక్షరాలు నేర్చుకుంటుంటే, "ఇప్పుడు నేర్చుకుని కలెక్టరవుతావా మా?" అని నవ్విన మహానుభావుడు వీడే.

ఫ్యాక్టరీ దారిలో ఎవరో గొడుగు పాతుకుని నిలబడి, జీతం కాగితం చూపిస్తే క్రెడిట్ కార్డు ఇస్తామన్నారట. కార్డుతో పాటు ఒక బ్యాగు ఊరికే ఇస్తామన్నారట. బ్యాగు కోసమే తీసుకున్నానని మావాడు నాతో చెప్పాడు. ఆ బ్యాగు జిప్పు రెండో నెలలోనే ఊడిపోయింది.

ఆదివారం వచ్చిందంటే నలుగురూ బండ్లెక్కి హిందూపురం పోయేవాళ్ళు. బట్టల అంగడి, బిర్యానీ, సినిమా. తినేది నలుగురు, కార్డు గీకేది వీడు. "బాస్, నువ్వుంటే చాలు బాస్" అని వాళ్ళు అంటే వీడికి ఒళ్ళు తెలిసేది కాదు. బాస్ అనిపించుకోవడానికి ఫోను మార్చాడు, బండి కొన్నాడు, చేతికి గడియారం పెట్టాడు. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు పోయి కార్లకు బోల్టులు బిగించే బాస్.

ఇదంతా ఒక ఎత్తు. వాడు చేసిన అసలు తెలివితక్కువ పని వేరే ఉంది, అది మగ్గమున్న ఇంట్లో పుట్టిన పిల్లలు మాత్రమే చేయగలరు.

మా నేతగాళ్ళలో షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. పట్టు, జరీ ఆయనే ఇస్తాడు, కొంత డబ్బు ముందే ఇస్తాడు. దానికి వడ్డీ ఉండదు. ఆయనకే నేస్తున్నంత కాలం అది అట్లాగే నిలబడి ఉంటుంది, కూలిలో ఎప్పుడైనా కొంచెం కోసుకుంటాడు. అయితే ఆ మగ్గం ఆయనకే కట్టుబడాలి. పక్క వీధిలో వేరేవాళ్ళు ఎక్కువ కూలి ఇస్తామన్నా పోకూడదు. మా మామ తీసుకున్న అడ్వాన్సు ఆయన పోయాక మగ్గంతో పాటు మా ఆయన మీదికి వచ్చింది. పండగలకు కొత్త బట్టలు మానుకుని, నా చెవుల కమ్మలు అమ్ముకుని ఎన్నో ఏండ్లకు దాన్ని తీర్చాము. అప్పటినుంచి ఎవరు మంచి కూలి ఇస్తే వాళ్ళ వార్పు, అదే చీరల పడుగు, మగ్గానికి ఎక్కించుకుంటున్నాము.

అది చూస్తూ పెరిగినవాడు గనక, కార్డు బిల్లులో కనీసం ఇంత కట్టాలి అన్న చోట చూసి, అది కూలిలో కోత లాంటిది అనుకున్నాడు. అది కట్టేస్తే మిగిలిన అప్పు కదలకుండా కూర్చుంటుందనుకున్నాడు. ఏడాదికి పైగా అట్లాగే కట్టాడు, అట్లాగే గీకాడు. లక్ష దాటి పోయి, ఫ్యాక్టరీకి ఫోన్లు రావడం మొదలయ్యాక ఇంటికి వచ్చి టీ మానేశాడు.

"నెలనెలా కడ్తానే ఉండా నాయనా. మిగిలింది అడ్వాన్సు మాదిరి అట్లే ఉంటాది అనుకున్యా," అని వాళ్ళ నాయనతో చెప్పాడు.

"అంతే గదరా మరి. ఉండకుండా యాడికి పోతాది?" అన్నాడు మా ఆయన. కొడుకు తెలివి ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కోవాల్సిన పని లేదు.

"యాడికీ పోలేదు. ఈడనే కూర్చోని వడ్డీ తిని ఒళ్ళు పెంచుకుండాది," అన్నాను నేను.

అప్పుడు బయటపెట్టాడు, వచ్చిన అసలు పని. "షావుకారు కాడ అడ్వాన్సు తీసుకుందాం మా. దానికి వడ్డీ లేదు గదా. కార్డు ఒక్కసారే కట్టేస్తే పోతాది. ఆయప్పకు మెల్లగా కడ్దాం."

"కడ్దాం అంటాండావే, ఎవురురా కట్టేది?"

వాడు నేల చూశాడు. మా ఆయన మగ్గం వైపు చూశాడు.

మా ఆయన నోరు ఊరుకోదు. రెండు రోజులకే షావుకారు తనంతట తాను మా ఇంటికి వచ్చాడు. అడ్వాన్సు తీర్చిన తర్వాత మా గడప తొక్కని మనిషి. కుర్చీ వేస్తే కూర్చుని, చల్లగా మొదలుపెట్టాడు.

"ఏమమ్మా, పిల్లోనికి కష్టం వచ్చిందంట. మన ఇంటి పిల్లోడే గదా. ఎంత కావల్లో చెప్పండి."

"మీ ఇంటి పిల్లోడైతే ఊరికే ఇయ్యన్నా. మగ్గం జోలికి రావద్దు."

"మగ్గం నాకెందుకమ్మా? మీ మగ్గం మీకాడనే ఉంటాది."

"అది మాకాడనే ఉంటాది. మేము నీకాడుంటాము. ముందు చూసిందే గదన్నా."

నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. చీరలో లేని మచ్చ చూపించి కూలి తగ్గించేటప్పుడు కూడా అట్లాగే నవ్వేవాడు. "సరేలేమ్మా. ఆషాఢం వస్తాండాది. అప్పుడు చూద్దాం," అని లేచి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే మావాడికి చెప్పాను. పెనుకొండ గది ఖాళీ చేసి ఇంటికి రావాలి, బండి పక్కన పెట్టి ఇక్కడినుంచే రైల్లో డ్యూటీకి పోవాలి. నేను కట్టిన క్యారియరే తినాలి. కార్డు నా పెట్టెలో ఉంటుంది. జీతం పడిన రోజే బిల్లు కట్టాలి, మిగిలింది నా చేతికి ఇవ్వాలి.

"ఊపిరాడదు మా," అన్నాడు.

"మీ నాయన ఇన్నేండ్లు గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చోలేదా? నువ్వు రైల్లో నిలబడలేవా?"

వచ్చాడు. పెట్టె, దుప్పటితో పాటు ఒక పెద్ద స్పీకరు కూడా తెచ్చాడు.

ఇక వాడి పొదుపు చూడాలి. మేము కూర్చుని ఉండగానే ఫ్యాను ఆపేసేవాడు. నా సబ్బు సగానికి కోశాడు. ఫోనులో పొదుపు పాఠాలు వినేవాడు. ఎవరో కోటు వేసుకున్నవాడు, మా ఇల్లంత ఉన్న గదిలో నిలబడి, డబ్బు ఎట్లా మిగుల్చుకోవాలో చెప్పేవాడు. అది విని విని డేటా అయిపోతే, మిగతా పాఠం కోసం మళ్ళీ రీచార్జి చేసేవాడు. ఈ నెల నేను ఏమీ కొనను అని స్టేటస్ పెడితే, స్నేహితులు చప్పట్ల బొమ్మలు పంపారట. దాన్ని నాకు చూపించాడు, నేనూ చప్పట్లు కొడతానేమో అని. ఫ్యాక్టరీలో మాత్రం క్యారియర్ ఎందుకని అడిగితే, డాక్టరు బయట తిండి వద్దన్నాడని చెప్పాడట. అప్పు చేయడానికి లేని సిగ్గు రాగిముద్ద తినడానికి వచ్చింది.

ఒక ఆదివారం ఆ స్నేహితులు బండ్లేసుకుని మా ఇంటి ముందుకే వచ్చారు. "ఏం బాస్, పత్తాకే లేవు? హిందూపురం పోదాం రా," అని హారన్లు కొట్టారు. నేను బయటికి వెళ్ళాను.

"పిలుచుకోని పోండప్పా. కార్డు మాత్రం నా పెట్టెలో ఉండాది."

ఒకడు గడియారం చూసుకున్నాడు, ఒకడికి ఫోను వచ్చింది. మళ్ళీ ఎవరూ మా వీధికి రాలేదు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కోపం తెచ్చుకోవాలన్నా ఎదుటి మనిషికి కొంత బరువుండాలి.

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, చీరలు కదలవు. నాలుగు వీధులు తిరిగినా మాకు వార్పు ఇచ్చేవాళ్ళు లేకపోయారు. తన అడ్వాన్సు ఉన్నవాళ్ళ మగ్గాలకు మాత్రం షావుకారు పని ఆపలేదు. మా మగ్గం ఖాళీగా ఉంది. మా ఆయన పొద్దున లేచి, అలవాటు కొద్దీ గుంతలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. మావాడి జీతంలో బిల్లుకు పోగా మిగిలింది ముగ్గురి తిండికి చాలేది కాదు.

"అడ్వాన్సు తీసుకుందామే," అన్నాడు మా ఆయన ఒక రోజు. "వార్పూ వస్తాది, వానిదీ తీరుతాది."

నేను ఖాళీ కండెలు తీసి బుట్టలో సర్దాను. పని లేకుండా కూర్చున్న నేతగాడిని చూస్తూ ఏం చెప్తాం? మావాడు గడప దగ్గర అన్నం తింటూ విన్నాడు. ఆ రోజు వాడు ఏ పాఠమూ పెట్టలేదు.

మరుసటి ఆదివారం బండి తీసుకుని చెప్పకుండా వెళ్ళాడు. హిందూపురమే పోయాడని తెలిసి, నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. సాయంత్రం స్టేషన్ నుంచి నడిచి వచ్చాడు. హెల్మెట్ మాత్రం చేతిలో ఉంది. డబ్బు తీసి మగ్గం పలక మీద పెట్టాడు.

"బండి కొన్నోడు చానా తక్కువకు అడిగినాడు మా. మోసం చేసినాడు," అన్నాడు ఏడుపు గొంతుతో.

"కొనేటప్పుడు నువ్వు బేరమాడినావా?"

మా ఆయన అయితే వాడి భుజం మీద చెయ్యి వేశాడు. నేను వెయ్యలేదు. తన చేతులతో తవ్విన గుంతను తానే పూడ్చుకున్నవాడికి సన్మానం చేసే అలవాటు నాకు లేదు. హెల్మెట్ కూడా ఎందుకు అమ్మలేదని మాత్రం అడిగాను.

ఆ డబ్బుతో అప్పు చాలావరకు తగ్గింది. మిగిలింది జీతంలోంచి తీరింది. కార్డు మూసేయమని చెప్పడానికి ఫోను చేస్తే, అవతలి అమ్మాయి ఇంకా ఎక్కువ లిమిట్ ఇస్తామని తేనెలా మాట్లాడింది. "ఆలోచించి చెప్తా మేడమ్," అన్నాడు మావాడు. ఆలోచిస్తాడట! నేను ఎదురుగా వచ్చి నిలబడ్డాను. "వద్దు మేడమ్, మూసేయండి," అన్నాడు.

ఈలోగా శ్రావణం వచ్చి, వెనక వీధి అంగడివాళ్ళు మాకు మంచి కూలికే వార్పు ఇచ్చారు. మగ్గం మీంచి మొదటి చీర కోసిన రోజు ముగ్గురం కలిసి దాన్ని ఇవ్వడానికి బయలుదేరాము. దారి షావుకారు ఇంటి ముందు నుంచే. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా, మన గుమ్మం మర్చిపోయినావా?" అని మా ఆయనను పిలిచాడు.

మా ఆయన కాళ్ళు అక్కడ ఆగిపోయాయి. ఎన్నేండ్ల అలవాటు! మొహం మీద ఆ పాత నవ్వు కూడా వచ్చేసింది. మావాడు వెనక్కి వచ్చి వాళ్ళ నాయన చేతిలోని చీర మూట తీసుకున్నాడు. "దా నాయనా, అంగడి మూస్తారు," అని ముందుకు నడిచాడు. మా ఆయన వాడి వెనకే కదిలాడు. మగ్గాన్ని తానొక్కడే కాపాడినట్టు ఆ నడక, ఆ తల ఎత్తడం! నోటిదాకా వచ్చిన మాటను షావుకారు అరుగు దాటేదాకా ఆపుకున్నాను.

దాటగానే అడిగాను. "ఆ చొక్కా యాడిదిరా? కొత్తగా ఉండాది."

"దుడ్లు ఇచ్చే కొన్యా మా," అన్నాడు, వెనక్కి తిరగకుండా.

బిల్లు చూపించమన్నాను.