వదినకు నేనిచ్చిన కొలువు

మెరిసే బూట్లు వేసుకున్న ఒకాయన ఆలేరు స్టేషన్ రోడ్డులో నా టిఫిన్ సెంటర్ ముందు నిలబడి, టేపు పట్టి ముల్గి గది వెడల్పు కొలుస్తుంటే నాకు ఒళ్లు మండింది. పెనం మీద దోసె ఉంది, చేతిలో అట్లకాడ ఉంది. నేను ఇంకా గిరాకీలకు టిఫిన్ పెడుతూనే ఉన్నాను. నా దుకాణాన్ని నా కళ్లముందే కొలవడమేమిటి?

ఆయనను పిలిపించింది మా ఆయనే. పాల ట్యాంకర్ నడిపి నడిపి మోకాళ్లు అరిగి, అప్పుడప్పుడే ఇంటిపట్టున కూర్చున్నాడు. మా నల్లగొండ జిల్లాను ముక్కలు చేసి కొత్త జిల్లాలు పెట్టిన రోజులవి. ఊళ్లో ప్రతివాడికీ ఏదో ఒకటి పెట్టాలన్న పిచ్చి పట్టుకుంది. ఒకరు వెంచర్ అంటారు, ఇంకొకరు ఫంక్షన్ హాల్ అంటారు. మా ఆయనేమో మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలి, ఫ్రాంచైజీ తీసుకుని కార్లు కొన్నవాళ్ల వీడియోలు ఫోన్‌లో చూసేవాడు. ఒకరోజు పిజ్జా అనేవాడు, ఒకరోజు ఐస్‌క్రీం అనేవాడు. ఆఖరికి చాయ్ దగ్గర ఆగాడు. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఊరూరా చాయ్ దుకాణాలు పెట్టిస్తోందట. అన్నిచోట్లా గోడలకు ఒకే రంగు, కప్పుల మీద ఒకే బొమ్మ.

"స్టేషన్ రోడ్ల జాగా దొరుకుడే కష్టం. నీ ఇడ్లీలకు ఇంత జాగా ఎందుకు?" అన్నాడు నాతో.

ఆ మాట నన్ను ఎంత బాధపెట్టిందో ఆయనకు తెలియదు. పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ ఆ పెనమే దిక్కయింది. ఆయన ట్యాంకర్ మీద ఊళ్లు తిరుగుతున్నప్పుడు నాకు మనుషులను చూపించిందీ ఆ దుకాణమే. అది తీసేస్తే నేను ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? టీవీలో సీరియళ్లు చూస్తూ ఆయన మోకాళ్లకు నూనె రాయాలా?

బూట్లాయన టేపు చుట్టి జేబులో పెట్టుకుని, "సంతకాలకు ముందు ఏరియా స్టడీ చేయాలి మేడం. ఇక్కడ ఏ వ్యాపారానికి గిరాకీ ఉందో కనుక్కోవడానికి పార్ట్ టైం మనిషిని పెట్టుకోవాలి. మా దగ్గర మనుషులున్నారు, పంపిస్తాం" అన్నాడు.

"మీ మనిషొద్దు. లోకల్ మనిషిని నేనే పెడత. ఆ మనిషి ఏది చెప్తె అది చేద్దాం" అన్నాను. కోపంలో అన్న మాట అది. మా ఆయన వెంటనే సరే అన్నాడు. నేను ఎవరిని పెట్టినా నేను నేర్పిన మాటలే చెప్తారని కొట్టిపారేయడానికి ఆయనకు వీలుంది కదా.

రాత్రి పిండి రుబ్బుకుంటూ ఆలోచించాను. ఎవరు చెబితే మా ఆయన ఎదురు మాట్లాడడు? ఈ భూమ్మీద అలాంటి మనిషి ఒక్కతే. ఆయన అక్క.

మా వదిన గురించి చెప్పాలి. మా వీధి చివర ఉంటుంది. ఆలేరులో ఆమె ఎవరింటి తలుపూ కొట్టదు, నేరుగా వంటింట్లోకి వెళ్లి గిన్నె మీద మూత తీస్తుంది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి బర్రె ఈనింది, ఎవరికి ఏ మాత్రలు రాశారు, అన్నీ ఆమెకు కావాలి. నా దుకాణంలో మాత్రం ఒక్కనాడూ కూర్చుని తినలేదు. నిలబడే చాయ్ తాగి, వేలి కొసతో చట్నీ నాకి, "ఉప్పెక్కువైంది" అని పోయేది. మా బిడ్డ పెళ్లిలో పెట్టిన చీర రంగు నచ్చక అలిగినప్పటి నుంచి నాతో సూటిగా మాటలు లేవు. ఏమన్నా ఉంటే తమ్ముడితో చెప్పి పంపేది. నేనూ తక్కువ తినలేదు, అదే దారిలో జవాబు పంపేదాన్ని.

ఆమెను పెడుతున్నానని తెలిసి పక్కన పూలమ్మే ఆమె తల పట్టుకుంది. "నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నవ్" అంది. నాకూ అలాగే అనిపించింది. అయినా వెళ్లాను.

వదిన అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తలెత్తి చూసింది.

"ఏమే, తొవ్వ తప్పినవా?"

"లేదు వదినె. నీకు కొలువిద్దామని వచ్చిన."

ఆమె చేతులు ఆగిపోయాయి. సంగతంతా చెప్పాను.

"జీతమెవలిస్తరు? నువ్వా, నా తమ్ముడా?"

"నేనే. నా గల్లా నుంచి."

"అయితె నీ దిక్కు మాట్లాడాలె అంటవ్."

"వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు. చాయ్ దుకాణమే మంచిదంటె పెనం దించేస్త" అన్నాను. నా భయం ఆమె కనిపెట్టిందనే అనుకుంటాను.

కాసేపు చింతగింజలు అటూఇటూ కదిపి, "మెడల కార్డు కావాలె" అంది.

ఆమెను ఫొటో స్టూడియోకు తీసుకెళ్లి ఫొటో తీయించి, దాని కింద పేరు, పేరు కింద పార్ట్ టైం అని రాయించి, నీలం పట్టీతో మెడలో వేశాను. ఆ రోజంతా బజారు తిరిగి అందరికీ చూపించింది.

ఇక ఇల్లిల్లూ తిరుగుతుందనుకున్నాను. ఆమె స్టేషన్‌లో బల్ల మీద కూర్చుంది. పొద్దున సికింద్రాబాద్ వెళ్లే పుష్‌పుల్ బండి ఎక్కేవాళ్లను చూడటం, తిరుగు బండి వచ్చినప్పుడు దిగినవాళ్ల సంచులు విప్పి చూడటం, అదీ పని. ఇంకెవరైనా చేస్తే గొడవలయ్యేవి. ఈమె అందరికీ చిన్నమ్మో పెద్దమ్మో అవుతుంది కాబట్టి సంచి ఇచ్చేవాళ్లు. ఎవరైనా గుర్రుమంటే కార్డు చూపించేదట.

"ఇండ్లల్ల అడిగితె మర్యాదకు అన్నీ కొంటమంటరు. బండి దిగినోని సంచి చూస్తె ఈడ ఏం దొరుకుతలేదో తెలుస్తది" అని తమ్ముడికి చెబుతుంటే విన్నాను. నాకు మాత్రం ఏమీ చెప్పలేదు. అడిగితే, "రిపోర్టు అయినంకనే" అనేది.

ఆ రోజులు నాకు చాలా కష్టంగా గడిచాయి. సాయంత్రం దుకాణానికి వచ్చి అక్కాతమ్ముళ్లు మూలకు చేరి గుసగుసలాడేవారు. ఆయన నవ్వుతూ తలూపేవాడు. పొద్దున బండి వేళకు స్టేషన్ దగ్గర చాయ్ బండ్ల చుట్టూ జనం మూగితే, "చూసినవా గిరాకీ" అని నాకు చూపించేవాడు. దోసెలు మాడేవి. పోయి పోయి ఈమె చేతుల్లో పెట్టానేమిటి నా బతుకు అని నన్ను నేను తిట్టుకునేదాన్ని.

రిపోర్టు ఆదివారం మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, నా దుకాణంలోనే పెట్టుకున్నాం. బూట్లాయన సంతకాల కాగితాలు కూడా తెచ్చాడు. వదిన పట్టుచీర కట్టుకుని, కార్డు వేసుకుని వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"చాయ్‌కి గిరాకీ ఉన్నది. మస్తు ఉన్నది."

బూట్లాయన పెన్ను మూత తీశాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను పెనం వైపు చూశాను.

"గా చాయ్ తోనే మనోళ్లు ఆగమైతున్నరు" అంది వదిన.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. పొద్దున బండికి పోయేవాళ్లలో చాలామంది రక్త పరీక్షలకు పోతున్నారు. షుగర్ అనో, థైరాయిడ్ అనో డాక్టర్ రాసిస్తాడు, పరగడుపున రమ్మంటాడు. వీళ్లు ముద్ద ముట్టకుండా చీకటితోనే లేచి స్టేషన్‌కు వస్తారు. వచ్చి చాయ్ తాగుతారు. మా వైపు చాయ్‌ను తిండి కింద ఎవరూ లెక్కేయరు. నీళ్లు తాగినట్టే చాయ్ తాగుతారు.

"ఆడికి పోయినంక, ఏమన్న తిన్నరా అని అడుగుతరు. ఏం తినలె సారూ, ఒక్క చాయ్ తాగిన అని సక్కగ చెప్తరు. రేపు రాపో అంటరు. దిగినోళ్లల్ల కొందరి చేతుల రిపోర్టు కవర్లు, కొందరియి ఉత్త చేతులు. నేను చూసింది గిదే తమ్మీ."

ఒక గొర్లకాపరి సంగతి చెప్పింది. మందను పక్కవాడికి అప్పజెప్పి పోయాడు, చాయ్ తాగాడని తిప్పి పంపారు. మర్నాడు మళ్లీ మందను అప్పజెప్పి పోయాడు. ఈసారి చాయ్ తాగలేదు, రక్తం ఇచ్చాడు, ఆ తొందరలో ఏమీ తినకుండా బండి ఎక్కి మా ప్లాట్‌ఫాం మీదే కళ్లు తిరిగి పడ్డాడు. వదినే నీళ్లు తాగించి కూర్చోబెట్టిందట. అది చెబుతున్నప్పుడు ఆమె గొంతు మెత్తబడింది. ఊరి కబుర్లన్నీ ఆమెకు ఎందుకు కావాలో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

"రక్తం తీసే సెంటర్ ఈడనే పెట్టాలె. కవరు మీద నంబరుంటె ఆ ల్యాబోళ్లకు ఫోన్ చేసిన. అది గూడ ఫ్రాంచైజీనే ఇస్తరట. చిన్న అర్ర చాలంట. మన పిండి బస్తాలేసే అర్ర సరిపోతది."

మా ఆయన పిండి బస్తాల గది వైపు చూశాడు. "మరి టిఫిన్ సెంటర్ తీసేద్దామా అక్కా?"

"తీసేస్తె ఎట్లరా? పరగడుపున రక్తమిచ్చినోడు బయటికొచ్చి ఏం తినాలె? కప్పు మీది బొమ్మనా? షుగరోళ్లకు తిన్నంక మళ్లొకసారి తీయాలంట. ఈడ తిని, ఈడనే కూసొని, మళ్ల ఇచ్చిపోతరు."

నేను లోపలికి వెళ్లి పిండి బస్తాల మధ్య నిలబడి ఏడ్చాను, నవ్వాను, కొంగుతో ముఖం తుడుచుకుని బయటికి వచ్చాను. గెలిచాను. ఎగిరి గంతేయాలనిపించింది. బదులుగా బూట్లాయనకు దోసె వేశాను. పాపం, పెన్ను మూత పెట్టేసుకుని, కారం దోసె కూడా అడిగి తిని వెళ్లాడు.

ఆ గదికి సున్నం వేయించి, ల్యాబ్ వాళ్లు చెప్పిన రంగు కొట్టించాం. మా ఆయనకు ఇప్పుడు పని దొరికింది, రక్తం సీసాల పెట్టెను బండిలో సికింద్రాబాద్ చేరవేసేది ఆయనే. ఫోన్‌లో వీడియోలు చూసే తీరిక లేదు. వదిన కొలువు మానలేదు. ఈరోజుకీ కార్డు మెడలో వేసుకుని పొద్దున స్టేషన్‌కు వెళ్తుంది. దవాఖాన చీటీ చేతిలో కనిపిస్తే చాలు, "చాయ్ తాగలేదు గద? అయితె బండెందుకు, నాతో రా" అని పిలుచుకొస్తుంది. జీతం ఇస్తే వద్దనదు, కొంగున ముడేసుకుంటుంది.

మొదటి రోజు పొద్దున మాత్రం నేను మరచిపోలేను. జనం వచ్చారు, గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆలేరులో తీసిన రక్తం సికింద్రాబాద్‌లో పనికొస్తుందా అని వాళ్ల అనుమానం. ల్యాబ్ కోర్సు చదివిన అమ్మాయి తెల్లకోటు వేసుకుని, సూది సిద్ధం చేసుకుని కూర్చుంది. ఎవరూ లోపలికి అడుగు పెట్టరు.

వదిన అందరినీ పక్కకు నెట్టుకుంటూ లోపలికి వెళ్లి చేయి చాపింది. బుద్ధి తెలిసినప్పటి నుంచి చాయ్ లేకుండా తెల్లవారని మనిషి, ఆ పొద్దున గుక్కెడు కూడా తాగకుండా వచ్చింది. అందుకే ముఖం చిటపటలాడుతోంది. దూది ఒత్తి పట్టుకుని బయటికి వచ్చి, నేరుగా నా దుకాణంలో ముందు బల్ల మీద కూర్చుంది.

"ఏం చూస్తున్నవే? ఆకలైతాంది. పెట్టు."

నేను వేడి ఇడ్లీలు పెట్టి, చట్నీ వేసి, ఆమె ముందే నిలబడ్డాను. ఎప్పటిలాగే వేలి కొస చట్నీలో ముంచి నాకింది. గుమ్మం దగ్గరి జనమంతా ఆమెనే చూస్తున్నారు.

"ఉప్పు సరిపోయింది" అంది.

తర్వాత ప్లేటు ఖాళీ చేసి, నా వైపు జరిపి, "ఇంకో రెండు వెయ్యి" అంది.