మడవని విస్తరి

మా ఈపూరు వైపు పెళ్ళిళ్ళకు బఫేలు వచ్చాయి గానీ, ఇంట్లో చిన్న శుభకార్యమైతే ఇప్పటికీ చాపలు పరిచి విస్తళ్ళు వేస్తారు. పంక్తిలో కూర్చున్నవాళ్ళు పెరుగన్నం దాకా తిని, అందరూ కలిసి లేవాలి. మధ్యలో ఒకడు లేచాడంటే పక్కవాళ్ళను అవమానించినట్టే. వాడి విస్తరి అక్కడికక్కడే మడిచి తీసేస్తారు.

ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌లో పప్పు వడ్డిస్తుండగానే లేచి పరిగెత్తాను.

అప్పటికే నాకు పెద్దపేగులో పుండ్లు. డాక్టర్లు అల్సరేటివ్ కోలైటిస్ అంటారు. పూర్తిగా పోయే జబ్బు కాదు, కొన్నాళ్ళు అణిగి ఉండి మళ్ళీ లేస్తుంది. లేచినప్పుడు కడుపు మెలిపెట్టి రక్తం పడుతుంది. వెళ్ళాలనిపించాక ఆగడం నా చేతిలో ఉండదు. ఆ రోజు నేను తిరిగొచ్చేసరికి పంక్తి లేచిపోయింది. నా విస్తరి లేదు. చెయ్యి కడుక్కుంటున్న మా పెదనాన్న అందరూ వినేలా అన్నాడు.

"ఏందిరా, రెండు ముద్దల గోంగూరకే పరుగెత్తావు? మిరపతోటలో పుట్టినోడివేనా నువ్వు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎవరింటికీ భోజనానికి పోలేదు.

దారిలో వెళ్ళాల్సొస్తే ఎలా అని బస్సెక్కడమూ మానేశాను. నాది మోటార్ వైండింగ్ పని. కాలిపోయిన బోరు మోటారు విప్పి, రాగితీగ కొత్తగా చుట్టి, నీళ్ళు పోయించడమంటే నాకు ప్రాణం. అదీ రుచించలేదు. షాపు షట్టర్ ఎత్తకుండా పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

"ఏమయ్యా, నొప్పిగా ఉందా?" అని నా భార్య అడిగేది.

"లేదు."

"మరేంది?"

దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాణ్ణి. మా అమ్మ మాత్రం లోలోపలి దిగులుతో మనాది పట్టిందని అంది.

ఒక సాయంత్రం నా భార్య నా చెప్పులు తెచ్చి మంచం పక్కన పెట్టింది. "పెళ్ళి కాకముందు లైబ్రరీలోనే కాపురం ఉండేవాడివంట. పో మళ్ళీ. అక్కడ మరుగుదొడ్డి ఉంది, తాళం కూడా వెయ్యరు. నేను పోయి చూసే వచ్చా."

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా మా లైబ్రరీ బీరువాల్లోంచే. ఎవరడిగినా ఈ మాట తలెత్తుకునే చెబుతాను. ఈసారి శరీరం గురించిన పుస్తకం ఒకటి తీశాను. లావుపాటిది, అట్ట ఊడిపోయింది. అర్థం కాని పదాలకు పక్కన డిక్షనరీ పెట్టుకున్నాను. పేజీ దాటడానికే ఒక్కోసారి సాయంత్రమంతా పట్టేది.

పేగు గోడల్లో లెక్కలేనన్ని నరాల కణాలు ఉంటాయని, పేగుకీ మెదడుకీ మధ్య కబుర్లు రెండు వైపులా నడుస్తాయని అందులో ఉంది. పేగు జబ్బు ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో చానామందికి డిప్రెషన్ కూడా వస్తుందని, దానికి విడిగా వైద్యం ఉందని కూడా ఉంది. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. మోటారు కాలితే లోపల ఏ తీగ పోయిందో వెతుకుతాను గానీ, మోటారుకి పిరికితనమని ఎవరైనా అంటారా? అప్పటిదాకా నన్ను నేను అంటున్నది అదే.

నరసరావుపేటలో నాకు వైద్యం చేసే డాక్టరు గారికి ఇదంతా చెప్పాను. "కడుపు గురించే చెప్పేవాడివి. ఇదెక్కడ చదివావు?" అని అడిగారు. "మా లైబ్రరీలోనండీ" అన్నాను. ఆయన మనసు డాక్టరు దగ్గరికి పంపారు. పేగు మాత్రలతో పాటు ఆ మాత్రలూ మొదలయ్యాయి. ఒక్కసారిగా ఏమీ మారలేదు. ముందు షట్టర్ సగం ఎత్తాను, కొన్ని వారాలకు పూర్తిగా.

అప్పుడు అక్క గృహప్రవేశం వచ్చింది.

"తమ్ముడా, నువ్వు పంక్తిలో కూర్చోకపోతే నేను విస్తళ్ళే వెయ్యను" అంది ఫోన్‌లో.

ఈసారీ వెనక్కి తగ్గితే మళ్ళీ ఆ గోడవైపే తిరుగుతానని నాకు తెలుసు. వెళ్ళాను. విస్తళ్ళు వేశాక కూర్చోకుండా నిలబడ్డాను. "పెదనాన్నా, మామా, అందరూ ఒక్క మాట వినండి. నా పేగులో పుండ్లున్నాయి. గోంగూర వల్ల వచ్చింది కాదు, భయం వల్ల వచ్చిందీ కాదు. దానితో పాటు మనసుకీ జబ్బు చేసింది, రెంటికీ మందులు వాడుతున్నా. మధ్యలో లేస్తే మిమ్మల్ని తక్కువ చేసినట్టు కాదు."

అక్క నాకు కారం లేని పప్పు వేసింది. చారు దగ్గర కడుపు మెలిపెట్టింది. లేచాను. వెనక మా పెదనాన్న గొంతు వినిపించింది.

"ఆ విస్తరి మడవబాకండి! దాని మనిషున్నాడు."

తిరిగొచ్చేసరికి పంక్తి పంక్తంతా ఎంగిలి చేతులతో కూర్చుని ఉంది. పెరుగు బకెట్ పట్టుకున్న మా బావ నా కోసం నిలబడి ఉన్నాడు.

"రారా, నాయనా" అన్నాడు పెదనాన్న. "చేతులు ఎండిపోతున్నయ్. అయినా అంతసేపు ఏం చేశావు, అక్కడ కూడా పుస్తకం చదివావా?"

ఈసారి అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. పెరుగన్నం నిదానంగా తిన్నాను. నేను చివరి ముద్ద తిన్నాకే అందరూ లేచారు.