యోసేపు తెల్ల మగపంది

రాచర్ల దగ్గర యోసేపు పందుల దొడ్డికి ఆరేళ్ల కిందట ఒక తెల్ల మగపంది వచ్చింది. పొడుగు నడుము, బలమైన తొడలు, ఒంట్లో కొవ్వు తక్కువ. చుట్టుపక్కల నల్లపందులు పెంచేవాళ్లంతా తమ ఆడపందుల్ని దానితో దాటించి చూలు కట్టించుకోవడానికి తోలుకొచ్చారు. ఆ పనికి అక్కడ డబ్బు తీసుకోరు. ఈతలో ఒక ఆడ పందిపిల్లను మగపంది యజమానికి ఇస్తారు. అలా వచ్చిన పిల్లలన్నిటినీ యోసేపు పెంచాడు. అవి ఎదకొచ్చాక మళ్లీ ఆ మగపందితోనే దాటించాడు. మంచి రక్తం ఇంట్లోనే ఉండాలని అతని ఆలోచన. మనుషుల్లో మేనరికం వద్దని ఉపన్యాసాలిచ్చేవాళ్లు కూడా దొడ్డి దగ్గరికొచ్చి అతని తెలివిని మెచ్చుకున్నారు.

నిరుటి నుంచి వ్యవహారం తిరగబడింది. ఆటో ఎక్కించేసరికి కొన్ని పందులు వణికి, కాళ్లు బిగుసుకుని చచ్చిపోతున్నాయి. కోసినవాటిలో కొన్నిటి మాంసం పాలిపోయి నీళ్లు కారుతోంది. యోసేపు దగ్గర పందుల్ని కొనే గిద్దలూరు మాంసం దుకాణం యజమాని ఒక ముక్కను వేలితో నొక్కి చూపించాడు.

"ఏంది యోసేపూ ఇది? దొడ్లోంచి తెచ్చినావా, బోరులోంచి తోడుకొచ్చినావా? కూర వండితే సగం కూడా మిగల్లేదని నన్ను తిడతాండారు. ఇంకోసారి ఇట్లాంటిది తెస్తే మెట్టెక్కొద్దు."

యోసేపుకు ఇంకో కొనేవాడు లేడు.

పాస్టరుగారు దేవుని పరీక్ష అన్నారు. పశువుల డాక్టరు ఉషారాణి మాత్రం "వీటి తండ్రేది?" అని అడిగింది. యోసేపు చూపించాడు. "వీటి తల్లుల తండ్రి?" వేలు మళ్లీ అటే తిరిగింది.

"దాని రక్తంలో ఒక లోపం దాగుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా అందిన పిల్లలోనే బయటపడుతుంది. మేత మార్చినా లాభం లేదు. దీనికి సంబంధం లేని మగదాన్ని తెచ్చుకో."

దానికోసం యోసేపు కొమరోలు దాకా తిరిగాడు. ప్రతి దొడ్డిలోనూ ఆ పొడుగు నడుమే. "మీ దాని కొడుకే మామా!" అని గర్వంగా చూపించారు.

తర్వాతి వారం వెలిగండ్ల నుంచి పౌలు అనే రైతు ట్రాలీ ఆటోలో నల్ల ఆడపందిని తెచ్చాడు. అటువైపు నుంచి ఇంతవరకూ ఎవరూ రాలేదు. యోసేపుకు ప్రాణం లేచొచ్చింది.

"దాటించే సంగతి తర్వాత. మీ ఊర్లో నల్ల మగది ఉంటాది గదన్నా, దాన్ని నాకియ్యి. నా దాంట్లో లోపముంది. మాంసం నీళ్లు కారతాంది."

పౌలు పకపకా నవ్వాడు. "దాటించనీకి మనసు లేకుంటే లేదని చెప్పు. ఇన్ని కతలెందుకబ్బా?"

"దేవుని తోడన్నా."

"ఇంక మాకాడ మగది యాడిది? మీ తెల్లదాని పేరు విని, మా నల్లవాటన్నిటికీ పోయిన నెలే విత్తులు తీయించినాం. నాసిరకం కలవకూడదని."

పౌలు ఆటో తిప్పమన్నాడు.

"పక్క ఊర్లో దీని కొడుకుండాదంట. ఆడ దాటించుకుంటాంలే."

"వద్దన్నా, అది కూడా..." అంటూ యోసేపు ఆటో వెంట నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. డ్రైవరు గేరు మార్చాడు.