బొట్టు పెట్టి మార్చిన నేమ్‌సర్వర్

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ చదువు చదివిన పిల్ల ఒకతి ఉంటే చాలు, కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకీ ఆ పిల్లే పూచీ. టీవీ రిమోటు పనిచెయ్యకపోయినా, పిన్ని ఫోనులో ఫొటోలు పోయినా, మేడమీద వాళ్ళ మిక్సీ మొరాయించినా నన్నే పిలిచేవాళ్ళు. తెలియదని చెప్పడం అప్పటికింకా నేర్చుకోలేదు కాబట్టి నేనూ ప్రతిదానికీ వెళ్ళి, గంభీరంగా చూసి, "ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి" అని చెప్పి వచ్చేదాన్ని (సగం జబ్బులకి అదే మందు). గవర్నర్‌పేటలో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో అప్పుడే కొత్తగా చేరాను. పేరుకి ఆఫీసే గానీ అందులో మనుషులకన్నా కుర్చీలు ఎక్కువ. అయినా మా చుట్టాలలో నా హోదా కలెక్టరుకి ఒక్క మెట్టు కింద. ఆ మెట్టు ఎంత గుల్లదో మా పెదనాన్న కొట్టు వెబ్‌సైటు దగ్గర తెలిసొచ్చింది.

పెదనాన్నకి మా ఆఫీసుకి రెండు వీధుల అవతల కొండపల్లి బొమ్మల కొట్టు. కొండపల్లిలో చేసేవాళ్ళ దగ్గర తెచ్చి టోకుగానూ చిల్లరగానూ అమ్ముతాడు. ఏడాదంతా ఒక ఎత్తు, దసరా ముందు రోజులు ఒక ఎత్తు. బొమ్మల కొలువు పెట్టుకునేవాళ్ళు హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ వెబ్‌సైటులో చూసి ఆర్డర్లు పెడతారు. ఆ వెబ్‌సైటు ఆలోచన పెదనాన్నది కాదు. ఆయన ఒక్కగానొక్క కూతురిని, అంటే మా అక్కని, చేసుకున్న బావగారు పెళ్ళైన మొదటి దసరాకి మామగారికి పెట్టిన కానుక అది. అల్లుడికి మామ పెట్టాలి గానీ ఇలా ఎదురు పెట్టడమేమిటని పెదనాన్న మొహమాటపడ్డాడు. అలా మొహమాటపడుతూనే చాలాకాలం కొట్టుకి ఎవరొచ్చినా టీ తెప్పించే లోపల వెబ్‌సైటు చూపించేవాడు.

ఆ వెబ్‌సైటుని ఉంచిన సర్వరు ఎవరో చిన్న కంపెనీవాళ్ళది. వాళ్ళు వ్యాపారం మూసేస్తున్నామనీ, నెలాఖరులోగా ఎవరిది వాళ్ళు వేరేచోటికి మార్చుకోమనీ మెయిలు పెట్టారు. దసరా నెత్తిమీద ఉంది. నెలాఖరు దాటితే కొట్టు పేరు కొట్టినవాళ్ళకి తెల్లటి ఖాళీ పేజీ కనిపిస్తుంది, ఆ ఏడాది కొలువుల బేరం అంతటితో సరి. పెదనాన్న చెమటలు తుడుచుకుంటూ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ఇదెంత పని పెదనాన్నా అన్నాను. అని, కూర్చుని కొత్త వెబ్‌సైటే తయారుచేశాను. పాతదాని మొదటి పేజీలో దశావతారాల బొమ్మలుండేవి, నేను అంబారీ ఏనుగుని పెట్టాను. అది మా ఆఫీసు సర్వరులో దర్జాగా ఎక్కి కూర్చుంది. ఇక మిగిలింది, కొట్టు పేరు కొట్టిన జనం పాత సర్వరుకి పోకుండా కొత్తదానికి వచ్చేటట్టు నేమ్‌సర్వరు మార్చడం. రెండు నిమిషాల పని అన్నాను. ఆ రెండు నిమిషాల పనికి తాళంచెవి బావగారి దగ్గర ఉందని అప్పుడు బయటపడింది.

పేరు మన కొట్టుది, కట్టేది నేను, తాళం ఆయన దగ్గరుండటమేంటని పెదనాన్నకి కోపం వచ్చింది. నాకు చేతనైనట్టు చెప్పాను. పేరు నమోదు చేసుకున్న చోటు ఒకటి, వెబ్‌సైటు సామానంతా పెట్టుకున్న చోటు ఇంకొకటి, ఫలానా పేరుగలవాళ్ళు ఎక్కడుంటారని అడిగితే దారి చెప్పే నేమ్‌సర్వరు మరొకటి. పెదనాన్న ఇన్నాళ్ళూ అద్దె కట్టింది సామాను పెట్టుకున్న చోటుకి. పేరేమో బావగారి మెయిలు మీద ఉంది, దాన్ని ఏటా రెన్యువలు చేయిస్తున్నదీ ఆయనే. (ఈ ఏడు కూడా కట్టారా అని పెదనాన్న అడిగాడు. కట్టారన్నాను. ఆయన మొహం ఒకలా అయింది, ఎందుకో కాస్త ఆగి చెప్తాను.) దారి చెప్పేవాడికి కొత్త అడ్రసు ఇవ్వాలంటే పేరు ఎవరి చేతిలో ఉందో వాళ్ళే ఇవ్వాలి. పెదనాన్న కాసేపు ఆలోచించి, మనం పాత వీధిలోంచి ఈ వీధికి కొట్టు మార్చినప్పుడు ఆటోవాళ్ళు చాన్నాళ్ళు జనాన్ని పాత కొట్టు దగ్గరే దింపేవాళ్ళే, అలాంటిదా అన్నాడు. సరిగ్గా అలాంటిదేనన్నాను. అంత తేలిక పోలిక నాకు తట్టనందుకు లోపల కొంచెం ఉడుక్కున్నాను కూడా.

అసలు చిక్కు కంప్యూటరులో లేదు. ఆ వేసవిలో పెదనాన్న ఇంటిమీద మేడ వేసి గృహప్రవేశం చేశాడు. పెద్దమ్మ వీధిలో గడపగడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. కూతురింటికి మాత్రం పెదనాన్న ఫోను చేసి చెప్పి, శుభలేఖ ఫొటో పంపించి ఊరుకున్నాడు. ఇంటి మనుషులకి పిలుపేమిటని ఆయన ఉద్దేశం. భవానీపురంలో ఉండే బావగారు (థర్మల్ స్టేషనులో ఇంజనీరు, మాట తక్కువ, జ్ఞాపకం ఎక్కువ) ఆ గృహప్రవేశానికి రాలేదు. ఆయన రానిచోటికి అక్కా రాలేదు. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్యా మాటల్లేవు, కొట్టు పేరుకి డబ్బు కట్టడం మాత్రం బావగారు మానలేదు. ఊళ్ళో ఉన్న కూతురు పుట్టింటి గడప తొక్కడం మానేసింది. పెద్దమ్మ మధ్యాహ్నాలు పెరటి మెట్ల మీద కూర్చుని అక్కతో ఫోనులో గుసగుసగా మాట్లాడేది. పెదనాన్న హాల్లో పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టుండి ప్రతి మాటా వినేవాడు. ఆ ఇంట్లో కూర్చుంటే నాకు దిగులేసేది.

ఇంత తెలిసిన నేను ఏం చేశానయ్యా అంటే, బావగారికి ఫోనులో మెసేజి పెట్టాను. మీకో ఓటీపీ వస్తుంది, పంపగలరు అని. ఫోనులో పిలిచారని అలిగిన మనిషిని ఫోనులోనే అడిగిన తెలివి నాది. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు లేదు. మర్నాడు నమస్కారం బొమ్మ జోడించి ఇంకొకటి పెట్టాను, అదీ చదివారు. అక్కకి ఫోను చేశాను.

"నన్ను మధ్యలోకి లాగకే. ఆయనకి ఇవ్వడానికేం అభ్యంతరం లేదు. అడగటానికో పద్ధతుంటుందిగా" అంది.

మా ఆఫీసు యజమాని ఇదంతా విని, అంత గొడవెందుకు, కొత్త పేరు కొనేసుకోమన్నాడు. ఆ మాటే వెళ్ళి పెదనాన్నకి చెప్పాను. జనం నోళ్ళలో నానిన పేరు వదులుకుని దసరా ముందు కొత్త పేరేమిటని కసిరాడు. తర్వాత అల్మారాలో బొమ్మలు సర్దుతూ, నావైపు తిరక్కుండా, అల్లుడు ముచ్చటపడి పెట్టిన పేరే అది అన్నాడు. పక్కనే ఉన్న పెద్దమ్మ ఆ మాట పట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ కుంకుమభరిణె, పూలు, బత్తాయిలు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. వెనక ఇస్త్రీ చొక్కాలో పెదనాన్న, ఆయన వెనక సాంకేతిక నిపుణురాలి హోదాలో నేను. ఆటో భవానీపురం చేరేదాకా పెదనాన్న పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఏదో వల్లెవేసుకుంటున్నాడు. అక్క తలుపు తీసింది. పెద్దమ్మ ఏమీ మాట్లాడకుండా భరిణె తీసి అక్కకి బొట్టు పెట్టింది. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. బావగారు గబగబా చొక్కా తొడుక్కుంటూ లోపలినుంచి వచ్చారు.

"అల్లుడుగారూ, వచ్చే గురువారం మంచి ముహూర్తానికి కొట్లో నేమ్‌సర్వరు మారుస్తున్నామండీ. మీరూ అమ్మాయీ ముందురోజే వచ్చెయ్యాలి" అన్నాడు పెదనాన్న.

ముహూర్తం సంగతి నేను వినడం అదే మొదలు. బావగారు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ముగించారు. గుమ్మంలోనే నిలబడ్డాం అందరం.

"నన్ను ఇంటి మనిషనుకుంటే ముందే పిలిచి పందిరి పని చెప్పాలండీ. పరాయివాణ్ణనుకుంటే బొట్టు పెట్టి పిలవాలి. ఆ రోజు మీరు రెండూ చెయ్యలేదు మావయ్యగారూ" అన్నారు.

"ఈసారి రెండూ చేస్తున్నానండీ. పిలుపూ మీకే, పనీ మీకే" అన్నాడు పెదనాన్న.

అది ఆటోలో వల్లెవేసుకున్న మాట కాదని నా నమ్మకం. బావగారు పక్కకి తప్పుకుని, లోపలికి రండి అన్నారు. మధ్యాహ్నం భోజనం చేస్తేగానీ కదలనివ్వలేదు. ఆ భోజనాల దగ్గరే ఆ ఓటీపీ తీసేసుకుని పని ముగించెయ్యొచ్చని నాకు తోచింది, కానీ పెద్దమ్మ నావైపు చూసిన చూపుకి పెరుగన్నంలోకి తల దించుకున్నాను.

బొట్టు పెట్టి పిలిచాక కార్యం జరగకపోతే ఎలా? పంతులుగారు ఏం కార్యమని అడిగితే పెదనాన్న అడ్రసు మార్పు అన్నాడట. గృహప్రవేశానికి చూసినట్టే చూసి గురువారంలో ఘడియ కూడా పెట్టారాయన. గురువారం కొట్టు పైగదిలో చాపలు పరిచి, పులిహోర కలిపి, నా లాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టి (ఆ మరక స్క్రీను మూల చాన్నాళ్ళుంది) చుట్టాలందరినీ కూర్చోబెట్టారు. బుధవారమే వచ్చిన బావగారు చాపలు కూడా ఆయనే పరిచారు. నేను కొత్త నేమ్‌సర్వరు పేర్లు ఒక్కో అక్షరమే చదువుతుంటే ఆయన థర్మల్ స్టేషనులో మీటరు చూసినంత శ్రద్ధగా టైపు చేసి, పెదనాన్న తల ఊపగానే సేవ్ నొక్కారు. అందరూ చప్పట్లు కొట్టి ఫోన్లు తీశారు. అక్క ఫోనులో ఏనుగు వచ్చింది. పిన్ని ఫోనులో ఏనుగు వచ్చింది. గుడివాడ నుంచి వచ్చిన మా అత్తయ్య, అంటే పెదనాన్న చెల్లెలు, ఫోనులో మాత్రం దశావతారాలే వచ్చాయి.

"అందరికీ కొత్తది, నాకొక్కదానికే పాతదా? మరి నన్నెందుకు పిలిచినట్టు?" అంది అత్తయ్య.

ఒక అలక తీరి పులిహోర కూడా చల్లారలేదు, ఇంకో అలక పుడుతోంది. పెదనాన్న నావైపు చూశాడు. సేవ్ నొక్కగానే లోకమంతా ఒక్కసారిగా మారదని నాకు తెలుసు గానీ, ముహూర్తం హడావుడిలో ఎవరికీ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. దారి చెప్పేవాళ్ళు ఒక్కరు కాదు, ఏ నెట్‌వర్కుకి ఆ నెట్‌వర్కులో ఉంటారు. ఒకసారి కనుక్కున్న అడ్రసుని కొంతకాలం గుర్తుంచుకుని, ఎవరడిగినా అదే చెప్తారు. ఆ గడువు తీరాకే మళ్ళీ వెళ్ళి కొత్తది కనుక్కుంటారు. ఒకటి రెండు రోజులు పట్టినా పట్టొచ్చు. అందుకే పాత సర్వరులో సామాను తీసెయ్యకుండా అలాగే ఉంచాం, పాత దారిన వచ్చినవాళ్ళకి తలుపు తెరిచి ఉండాలిగా. ఇంత చెప్పి, అసలు పొద్దున్నుంచీ ఎన్నిసార్లు చూశావత్తయ్యా అని అడిగాను. గుడివాడలో బస్సెక్కిన దగ్గర్నుంచీ అన్నయ్య కొట్టు ఎలా ఉందో చూసుకుంటూనే వచ్చిందట. మిగిలినవాళ్ళలో చాలామంది చాన్నాళ్ళుగా దాని మొహమే చూడలేదు.

"అదీ సంగతి. అంత ప్రేమగా చూసుకున్నదానివి కాబట్టే నీ దగ్గర పాతది ఇంకా చెరిగిపోలేదు" అన్నాను. (మా పాఠాల్లో ఇది ఈ మాటల్లో లేదు. కానీ అబద్ధం మాత్రం కాదు.)

అత్తయ్య సంతోషపడి అందరికీ తన దశావతారాలు చూపించుకుంది. బావగారు లాప్‌టాప్ మూస్తూ, అంతేనండీ, చెరగడానికి కొంత టైం పడుతుంది అన్నారు. అది అత్తయ్యతో అన్నట్టే ఉంది గానీ, పెదనాన్న విన్నాడు. కాసేపటికి పులిహోర రెండోసారి ఆయనే వడ్డించాడు అల్లుడికి.

ఏనుగు రెండు రోజుల్లో అందరికీ వచ్చింది, దసరా ఆర్డర్లూ వచ్చాయి. కానీ మామా అల్లుళ్ళు కలిసిపోయిన వార్త చుట్టాలందరికీ చేరడానికి చాలా కాలం పట్టింది. ఆ తర్వాత అత్తయ్య వాళ్ళ వైపు ఒక పెళ్ళిలో ఎందుకైనా మంచిదని వీళ్ళిద్దరికీ హాలుకి చెరో చివర కుర్చీలు వేశారు. బావగారు తన కుర్చీ ఎత్తుకుని మామగారి పక్కన వేసుకుంటూ, వీళ్ళకింకా గడువు తీరలేదమ్మా అన్నారు నాతో.

ఇంత జరిగాక ఆ పేరుని పెదనాన్న మెయిలు మీదికి మార్చేద్దామని కూర్చున్నాను. వ్యాపారం ఎవరిదో పేరు వాళ్ళ చేతిలోనే ఉండాలని మా వృత్తిలో మొదటి పాఠం.

"ఉండనీవే. ఏడాదికోసారి దాని రెన్యువలుకైనా వెళ్ళి పిలవాలిగా" అన్నాడు పెదనాన్న.

పోనీ అని బావగారి దగ్గరికి వెళ్ళాను. ఆటోమేటిక్ రెన్యువలు అని ఉంటుంది, ఒక్క టిక్కు పెట్టండి, మరిచిపోయే భయం ఉండదన్నాను. ఆయన ఆ గడివైపు కాసేపు చూసి, వద్దులేమ్మా, మావయ్యగారు వస్తారుగా అన్నారు. ఇంత చదువూ చదివి ఆ ఇద్దరి మధ్యా ఏం చెయ్యాలో నాకు పాలుపోలేదు.

ఇప్పుడు నాకే సొంత ఆఫీసుంది. వెబ్‌సైటు మార్చమని ఎవరొచ్చినా ముందు ఆ పేరు ఎవరి మెయిలు మీద ఉందండీ అని అడుగుతాను. ఆ వెంటనే, వాళ్ళతో మీకు మాటలున్నాయా అని అడుగుతాను. నవ్వులాటకనుకుంటారు. పేరు మీ చేతిలోనే పెట్టుకోండి, ఆటోమేటిక్ రెన్యువలు పెట్టుకోండి అని అందరినీ కేకలేస్తాను, ఒక్క కొట్టువాళ్ళని తప్ప. పెదనాన్నకి మోకాళ్ళు పట్టేసి ఈ ఏడు ఆటో ఎక్కలేకపోయాడు. భరిణె నా చేతికిచ్చి, ఫోను మాత్రం చెయ్యకు అన్నాడు. బత్తాయిల సంచి ఒళ్ళో పెట్టుకుని భవానీపురం పోతుంటే, రెండు నిమిషాల పని అని దర్జాగా చెప్పిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎంత తెలుసనుకునేదో పాపం. నేను వెళ్ళేసరికి బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, వీధి గుమ్మంవైపు చూస్తూ కూర్చున్నారు. మావయ్యగారు రాలేదా అని అడిగి, నా జవాబు విని, లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుని చెప్పులేసుకున్నారు. పదమ్మా, అక్కడే చేద్దాం అన్నారు.