అలలు గోకేసిన గోడ

గోడలకి టెక్స్చర్ వేయడం బెజవాడలో నేర్చుకుని బందరు తిరిగొచ్చిన కొత్తలో, దివిసీమలో ఒక ఇంటి పని ఒప్పుకున్నాను. ఇంటాయన గుడ్లవల్లేరు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. పాతికేళ్ళు నిండి ఉండవు. పెళ్ళి కుదిరింది, ఈలోగా హాల్లో ఒక్క గోడైనా అందంగా చేయించాలని ఆయన కోరిక. ఇంట్లో ఆయనా, వాళ్ళమ్మగారూ ఇద్దరే.

కేటలాగులో అలల డిజైను ఆయనే ఎంచారు. గోడకి ముద్ద పట్టించి, అది ఆరకముందే పళ్ళున్న రబ్బరు ముక్కతో వంపులు తిప్పుతూ లాగాలి. మధ్యాహ్నానికి గోడంతా అలలు లేచాయి. నాకే ముచ్చటేసింది.

అమ్మగారు మజ్జిగ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. గ్లాసు వంగి మజ్జిగ నేల మీద ఒలికింది.

"నాయనా, ఆ నీళ్ళు తీసెయ్యి."

"నీళ్ళు కాదండీ, డిజైను," అన్నాను.

"ఇలాగే వచ్చింది మా మీదకి."

ఉప్పెన వచ్చి అప్పటికి పాతికేళ్ళు దాటింది. దివిసీమలో పనికి వస్తూ నాకా సంగతే తట్టలేదు. తలెత్తలేకపోయాను.

మాటలు విని కొడుకు పెరట్లోంచి వచ్చారు. "అక్క గుర్తొచ్చిందామ్మా?" అని మెల్లగా అడిగారు.

ఆవిడ గుమ్మంలోనే కూర్చుని కొడుకు వైపు చూశారు.

"ఒక్కతి కాదురా, ఇద్దరు. పెద్దది నా కొంగు పట్టుకునే కొట్టుకుపోయింది. చంటిది నా చేతుల్లోంచే జారిపోయింది. ఆ మాట నీకు చెప్పలేకపోయాను."

ఆయన ఉప్పెన తర్వాత పుట్టినవారు. ఒక్క అక్కే పోయిందని ఇన్నేళ్ళూ అనుకున్నారట. వచ్చి అమ్మ పక్కనే నేల మీద కూర్చున్నారు.

నేను పుట్టీ కత్తి తీసుకుని గోకడం మొదలుపెట్టాను. పచ్చిగా ఉన్నచోట తేలిగ్గా వచ్చింది. ఆరినచోట తడిపి తడిపి తీయాల్సి వచ్చింది. తర్వాత ఏం వేయమంటారని ఆవిడనే అడిగాను.

"ఏదో ఒకటి, మామూలుగా ఉండనియ్యి నాయనా."

లేత పసుపు వేసి, పైన స్పాంజితో సన్నగా అద్దాను. ఆ పనికి ఇంకో రెండు రోజులు పట్టింది. తల్లీకొడుకులు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. చంటిది ఎవరి పోలికో, ఎలా నవ్వేదో ఆయన అడగడం, ఆవిడ ఆగి ఆగి చెప్పడం లోపలికి వినిపించేది. నేను స్టూలు కూడా చప్పుడు కాకుండా జరుపుకున్నాను.

పని అయ్యాక ఆయన బస్సు దాకా వచ్చారు. బస్సు కనపడ్డాక, "నాకు ఇద్దరక్కలండీ," అన్నారు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను.