క్లచ్ అక్కర్లేని మొనగాడు

ఇది ఒక పులిహోర గిన్నె, మా మామ మైసూరు పేటా తలపాగా, నా పరువు ఒకే పూట సర్వనాశనమైన కథ. నాశనం చేసిన ఘనుడికి అప్పుడు ఇరవై రెండేళ్లు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఆ చెంప నాదే కావడంతో ఊరుకుంటున్నాను.

అరవైల మొదట్లో బెంగళూరు బళేపేటలో మా మామకి చీరల అంగడీ, ఒక పాత కారూ ఉండేవి. కారుని పదిహేనేళ్లుగా మునియప్ప నడిపేవాడు. నేను అంగట్లో చీరలు మడతపెట్టేవాణ్ణి. నా కన్ను మాత్రం ఎప్పుడూ స్టీరింగు మీదే.

ఒకసారి యలహంక నుంచి వస్తుంటే క్లచ్ పోయింది. మునియప్ప కంగారు పడలేదు. ఇంజను చప్పుడు చెవితో వింటూ, అదను చూసి గేర్లు ఒక్కొక్కటే జార్చి, క్లచ్ లేకుండానే బండిని ఇల్లు చేర్చాడు. దిగాక నాతో అన్నాడు: "ఇది గతి లేనప్పుడు చేసే పనప్పా. సుమ్మనే, ఊరికే చేస్తే గేరు పండ్లు పోతాయి."

నేను వింటానా? క్లచ్ బాగయ్యాక బండి అడిగి తీసుకుని, చూసేవాళ్లు ఉన్నారంటే చాలు, క్లచ్ తొక్కకుండా గేరు వేసేవాణ్ణి. ఎవరూ లేనప్పుడు బుద్ధిగా తొక్కేవాణ్ణి. ఈ రెండో సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నన్ను ముంచేది ఇదే.

"చూసినావా మామా, కాలు కదపలేదు!"

"భలేరా శీనా! మునియప్పా, నీకొస్తాదా ఈ విద్య?"

మునియప్ప నవ్వాడు. అతని విద్యని అతని ముందే నాదని చెప్పుకున్నాను. సిగ్గు అనేది ఆ రోజుల్లో మా ఇంటి వైపు రాలేదు.

నెల తిరక్కుండానే గేరు పళ్లు రాలాయి.

"ఎవురు చేసినారురా ఇది?" మామ ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచాడు.

"మునియప్పే. క్లచ్ సరిగ్గా తొక్కడు" అన్నాను. రెప్ప వెయ్యకుండా అన్నాను, దరిద్రుణ్ణి!

మామ అతన్ని ఆ రోజే పనిలోంచి తీసేశాడు. మునియప్ప కలాసిపాళ్యంలో లారీల చక్రాలు విప్పే పనికి కుదిరాడు. స్టీరింగు నా చేతికొచ్చింది.

తర్వాత మామ పాత కారు వదిలించుకుని, దేశం విడిచి వెళ్లిపోతున్న కాఫీ తోట దొర దగ్గర పెద్ద అమెరికా కారు కొన్నాడు. అందులో గేర్లు వాటంతటవే మారతాయి. క్లచ్ అసలు లేదు. కింద ఉన్నవి రెండే: ఒకటి ఆక్సిలరేటరు, రెండోది పీటంత వెడల్పున్న బ్రేకు.

"మా శీనప్ప కోసమే చేసినట్లుండాది! వాడికి క్లచ్ యాల?" అని మామ అంగడి అంగడికీ వెళ్లి చెప్పుకున్నాడు.

బండి పూజ గుడి ముందు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం ఎప్పుడూ మునియప్ప పని. "ఆయప్ప చెయ్యి మంచిది, ఆయప్పే పెట్టాల" అని అత్త పట్టుబట్టి కబురు పంపింది. అతనూ వచ్చాడు. నాలుగు చక్రాల కిందా నాలుగు కాయలు పెట్టి, నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు.

"దొరల బండ్లు చూసినాను గాబట్టి చెప్తా ఉండా. ఎడమకాలు మడిచి కింద పెట్టుకో అప్పా. లేకుంటే అది సుమ్మనుండదు."

"నాకా చెప్తావు? క్లచ్ తొక్కేవాణ్ణి కాదు మునియప్పా నేను!"

నా పక్కన మామ, తల మీద కొత్త జరీ పేటా. వెనక అత్త, ఒళ్లో ప్రసాదం పులిహోర. బండి కదిలింది, నిమ్మకాయలు చితికాయి, జనం చప్పట్లు కొట్టారు. ఇంజను గొంతు పెంచింది. గేరు మార్చే వేళయిందని దానికెవరు చెప్పారో గానీ, నా ఎడమకాలు లేచి, లేని క్లచ్ కోసం వెతికి, దొరికిన ఆ పీటని బలమంతా పెట్టి తొక్కింది.

బండి ఆగింది. మామ ఆగలేదు. నుదురు అద్దానికి కొట్టుకుంది, పేటా ఊడి ఒళ్లో పడింది, వెనకనుంచి పులిహోర ఎగిరొచ్చి సరిగ్గా అందులో నిండింది.

"ఏమైందిరా?"

"ఏం లేదు మామా, కొత్త బండి కదా."

మళ్లీ కదిలించాను. ఇంజను మళ్లీ గొంతు పెంచింది. మళ్లీ అదే కాలు! ఈసారి గిన్నె కూడా వచ్చింది.

మామ బట్టతల మీంచి ఒక పల్లీ గింజ తీసి, నా ఎడమకాలి వైపు చూశాడు. అది ఇంకా బ్రేకు మీదే ఉంది.

"రేయ్, నువ్వు క్లచ్ తొక్కేవాడివి కాదు కదా? మరి ఈ కాలు దేనికి పోయిందిరా?"

నేను గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాను.

"దినామూ తొక్కిన కాలే ఇట్ల పోతాది. అంటే మా ముందర నువ్వేసిందంతా వేషం, విద్య గాదు. అయితే ఆ గేరు పండ్లు రాలగొట్టింది ఎవురు?"

బజారంతా వింటోంది. నేను తలదించుకోవాల్సింది పోయి, నా బదులు మునియప్ప తలదించుకున్నాడు. అది చూశాక ఇంకో అబద్ధం రాలేదు.

"నేనే మామా. ఆ విద్య కూడా మునియప్పదే."

మామ నన్ను చెవి పట్టుకుని కిందికి దించి, మునియప్పని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాడు. అతను ఎడమకాలు మడుచుకుని, ఒక్క కుదుపు లేకుండా బండిని ఇంటికి తీసుకెళ్లాడు. నేను ఖాళీ గిన్నె మోసుకుంటూ నడిచి వెళ్లాను.

ఆ సాయంత్రం ఉండబట్టలేక, నామీది కోపమంతా అతని మీద చూపించాను. "నిజం తెలిసీ ఆ రోజే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"నేను చెప్తే ఎవురు నమ్ముతారప్పా?" అన్నాడు మునియప్ప. "నీ కాలే చెప్పాల."

కాబట్టి మహాజనులారా, బళేపేట మాజీ మొనగాణ్ణయిన నేను నా ఎడమకాలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంకొకరి విద్య నాదని గానీ, నా తప్పు ఇంకొకరిదని గానీ ఈ జన్మలో చెప్పను. ఎప్పుడైనా అనుమానం వస్తే నన్ను అడక్కండి. కాలిని అడగండి.