తలుపు వెనక గీకిన గోడ

"...ఆయనకి తెలియకుండా అయితేనే చెయ్యి, లేదంటే అసలొద్దు."

"ఎలా వదినా? ఒక్క డబ్బా మూత తీస్తే చాలు, ఆ వాసనకి వీధి చివర్నుంచి లేచొస్తాడు అన్న."

"ఆసుపత్రికెళ్ళిన రోజు చెయ్యి."

"ఒక్క పూటలో ఆరడానికి అది గోడనుకున్నావా, జేబురుమాలనుకున్నావా?"

మూడో అంతస్తుకు ఇంకా ఎనిమిది మెట్లుండగా, కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుంటున్న మనిషి చెవిన ఈ మాటలు పడ్డాయి. మొదటి గొంతు భార్యది. రెండోది తనతో ఇరవై రెండేళ్ళు జతగా రంగులేసిన నిచ్చెనది. పొడుగు వల్ల వచ్చిన పేరది. ఈయన్ని తోటి పనివాళ్ళు రెండో కోటు అంటారు. ఇంటివాళ్ళు ఒక్క కోటు చాలన్నా వినేవాడు కాదు. కూలి గిట్టకపోయినా రెండోది వేశాకే బ్రష్షు కడిగేవాడు.

ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి ఇద్దరూ చప్పున నోరు మూశారు.

"ఊరికే, చూసిపోదామని వచ్చానన్నా," అన్నాడు నిచ్చెన. అతని గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఉంది.

అతను వెళ్ళిపోయాడు. భార్య మంచినీళ్ళకి కిందికి దిగింది. రెండో కోటు తలుపు మూసి దాని వెనక చూశాడు. మోకాలి ఎత్తున, అరచేతి మేర గోడ గీకి ఉంది. గచ్చకాయ రంగు, దాని కింద నీలం, దాని కింద గోడ నునుపుకి పట్టిన లప్పం. ఖర్చు అంచనా చెప్పే ముందు రంగుల మేస్త్రీ ఎవరి కంటా పడని చోట ఇలా గీకి, ఎన్ని పొరలున్నాయో చూసుకుంటాడు. తలుపు వెనకైతే మంచిదని నిచ్చెనకి నేర్పింది తనే.

మనుషులు కాపురముంటున్న అద్దె గదికి ఎవరూ అంచనా వేయించరు. మనిషి మారితే వేయిస్తారు, లేదా మనిషి పోతే. పోయినవాళ్ళ గదులు తను చాలానే చేశాడు. మంచం ఆనించిన చోట తలనూనె మరక మీద ముందుగా ప్రైమరు కొట్టాలి. లేకపోతే ఎన్ని కోట్లు వేసినా మరక పైకి తేలుతుంది. ఆయన తన మంచం పక్క గోడని చాలాసేపు చూశాడు.

జబ్బు ఊపిరితిత్తుల్లోంచి వెన్నులోకి దిగింది. ఇంజెక్షన్లు నయం చెయ్యడానికి కాదు, కొన్ని నెలలు ఆయుష్షు పొడిగించడానికని డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది. బండీ, స్ప్రే మిషనూ అమ్మిన డబ్బుతో నాలుగు ఇంజెక్షన్లయ్యాయి, ఇంకొక్కదానికి మిగిలింది. వేయించాల్సినవి ఇంకా ఆరున్నాయి. లాండ్రీలో దుప్పట్లు మడిచే భార్య జీతం అద్దెకీ తిండికీ సరిపోతుంది, అంతే.

ఆ వారమంతా ఆయన భార్యని కనిపెట్టి చూశాడు. ఆమె లాండ్రీ నుంచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి మంచం కిందికి తోసింది. అక్క ఫోను చేస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడింది. ఓనరు మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ గొంతు తగ్గించారు.

"ఏమంటున్నాడు?"

"ఏముందీ, నీళ్ళ మోటారు గురించి."

మోటారు బాగానే పనిచేస్తోంది.

ఇంజెక్షను రోజు పొద్దున ఆమె, "ఇవాళ ఒక్కరే వెళ్ళొస్తారా? లాండ్రీలో సెలవివ్వలేదు," అంది. ఇంతకుముందెప్పుడూ ఆయన్ని ఒంటరిగా పంపలేదు. రెండో కోటు బస్టాపులో కూర్చుని రెండు బస్సులు వదిలేసి, వెనక్కి తిరిగాడు. మెట్లెక్కడానికి అరగంట పట్టింది.

మంచం గది మధ్యకి లాగి ఉంది. నిచ్చెన గోడని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. భార్య గిన్నెలు పెట్టెలో సర్దుతోంది.

"నేను పోయేదాకా అయినా ఆగలేకపోయారా?" అన్నాడు గుమ్మంలోంచే.

"అయ్యో, అవేం మాటలు!" ఆమె చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "గోడలు కొత్తగా చేసి అప్పగిస్తేనే అడ్వాన్సు వెనక్కిస్తానన్నాడు ఓనరు. అదొస్తే మిగతా ఇంజెక్షన్లన్నీ అయిపోతాయి. అక్క వాళ్ళ వెనక షెడ్డు ఖాళీగా ఉందిట, అక్కడుందాం. ముందే చెబితే మీరు ఒప్పుకుంటారా?"

"నేను కూలి తీసుకోవట్లేదన్నా," అన్నాడు నిచ్చెన. "నా మీద కూడా అనుమానమేనా?"

రెండో కోటు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. భార్య మొహమే చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళుండమంది మీ అక్క?"

"ఎన్నాళ్ళంటే... ఉన్నన్నాళ్ళూ."

"ఎవరున్నన్నాళ్ళు?"

ఆమె పెట్టె మూత మూసి, మళ్ళీ తెరిచింది. "మీరు... మీకు బాగోలేదు కదా, అందుకని బావగారు ఒప్పుకున్నారు."

"నా తర్వాత?"

"ఇప్పుడవన్నీ ఎందుకన్నా..." నిచ్చెన మొదలుపెట్టాడు.

"నిన్నడగలేదురా."

ఆమె ఎవరి వైపూ చూడలేదు. "తర్వాత సంగతి బావగారు ఏమీ అనలేదు," అంది. గిన్నె పెట్టెలో పెడుతూ, "షెడ్డుని గోడౌనుకి ఇస్తారట," అంది.

వీధిలో ఏదో లారీ వెనక్కి వెళుతూ కూత పెడుతోంది.

"ఇంజెక్షన్లు మానేస్తున్నాను," అన్నాడు. "గది ఖాళీ చెయ్యట్లేదని ఓనరుతో చెప్పు."